ముందు వరుసల కోసం ఒక విన్నపం

తెలంగాణ రాష్ట్ర సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,



2020 నవంబరులో హైదరాబాద్ పత్రికల్లో ఒక వార్త వచ్చింది. టోలీచౌకిలో గెలాక్సీ, మెహదీపట్నంలో అంబా, బహదూర్‌పురాలో శ్రీరామా, నారాయణగూడలో శాంతి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో శ్రీమయూరి ఇక తెరుచుకోవని ఆ వార్త సారాంశం. కరోనా వల్ల ఆ ఏడాది మార్చిలో అన్ని హాళ్లతో పాటే ఇవీ తలుపులు మూశాయి. మిగతా హాళ్లవాళ్లు ఎప్పుడు తెరవనిస్తారా అని ఎదురుచూస్తుంటే, ఈ ఐదింటి యజమానులు మాత్రం ఇక మా వల్ల కాదన్నారు. నగరమంతా అప్పుడు జీహెచ్ఎంసీ ఎన్నికల హడావిడిలో ఉంది. ఆ హడావిడిలో ఈ వార్తను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

నేను టోలీచౌకి వాసిని, గెలాక్సీ ప్రేక్షకుణ్ణి. గెలాక్సీని మళ్లీ తెరిపించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ స్థలం ఒకరి సొంత ఆస్తి, ఆ వ్యాపారం కష్టనష్టాలు వాళ్లవి. ఇలాంటి హాలు మూతపడినప్పుడు దానితోపాటు బస్తీ జనం చేతిలోంచి ఏం జారిపోతుందో చెప్పడం నా ఉద్దేశం. జారిపోయినదాంట్లో కొంతైనా నిలబెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

ఇప్పుడు టోలీచౌకి అంటే ఫ్లైఓవర్, దాని కింద ట్రాఫిక్, గచ్చిబౌలి వైపు పరుగెత్తే కార్లు. ఐటీ కారిడార్ రాకముందు మాత్రం నగరం దాదాపు ఇక్కడితో ఆగిపోయేది. మెహదీపట్నం దాటాక ఇళ్లు పలచబడేవి. ఒకవైపు సెవెన్ టూంబ్స్‌కు, గోల్కొండ కోటకు వెళ్లే దారి, మరోవైపు రాళ్లగుట్టలు. ఆ గుట్టల్ని చదును చేసి కాలనీలు కట్టడానికి పాలమూరు నుంచి మేస్త్రీలు, కూలీలు కుటుంబాలతో తరలివచ్చారు. ఆటో తోలేవాళ్లు, దర్జీలు, మెకానిక్కులు, గల్ఫ్‌లో పనిచేసే మగవాళ్లు పంపే డబ్బు మీద నడిచే ఇళ్లు, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ జవాన్లు, చిన్న ఉద్యోగాల వాళ్లు, వీళ్లంతా ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్లు. ఇంతమందికీ కలిపి నడిచివెళ్లే దూరంలో ఉన్న వినోదం గెలాక్సీ.

ఆబిడ్స్‌కో క్రాస్‌రోడ్స్‌కో వెళ్లి సినిమా చూడాలంటే బస్సు చార్జీలు, రానూపోనూ రెండు గంటలు. సెకండ్ షోకైతే తిరిగి వచ్చే బస్సుకు గ్యారంటీ లేదు. బస్తీలో హాలు ఉంటే ఆ బాధ లేదు. పని దిగొచ్చి స్నానం చేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఫస్ట్ షోకి నడిచి పోవచ్చు. రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని సెకండ్ షోకి వెళ్లి, అర్ధరాత్రి కథ చెప్పుకుంటూ నడిచి రావచ్చు. శివారు హాళ్లు బతికింది ఈ నడక దూరం మీదే.

హైదరాబాద్ పడమటి శివారు హాళ్లకు ఇంకో గొప్పతనం ఉండేది. అవి రెండు భాషల హాళ్లు. మా చుట్టుపక్కల ఒక గల్లీలో దక్కనీ ఉర్దూ వినిపిస్తే పక్క గల్లీలో పాలమూరు తెలుగు వినిపించేది. హాలు నిండాలంటే ఇద్దరూ రావాలి. అందుకని సంక్రాంతికి తెలుగు బొమ్మ, రంజాన్ పండక్కి హిందీ బొమ్మ. వాల్‌పోస్టర్ల మీద ఒక వారం ఒక లిపి, మరో వారం ఇంకో లిపి. మా బస్తీలో చాలామంది ముస్లిం పిల్లలు చిరంజీవి స్టెప్పులు చూస్తూ తెలుగు డైలాగులు నేర్చుకున్నారు. తెలుగిళ్ల పిల్లలకు హిందీ బడిలో కంటే హాల్లోనే ముందుగా వంటబట్టింది. ఎవరూ పథకం వేసి ఈ పని చేయలేదు. ఒకే తెర ముందు, ఒకే చీకట్లో, పక్కపక్క కుర్చీల్లో కూర్చోవడం వల్ల అది జరిగిపోయింది. మతాల మధ్య నగరం ఉద్రిక్తంగా ఉన్న రోజులు మా తరం చూసింది. అలాంటి రోజులు గడిచాక జనం మళ్లీ ఒకచోట చేరి ఒకే జోకుకు నవ్విన చోట్లలో సినిమా హాలు ఒకటి. ఆ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను.

మంత్రి గారూ, ఆ హాల్లో టికెట్టు కొనడం ఎలా ఉండేదో కాస్త వివరంగా చెబుతాను. నా విన్నపానికి మూలం అక్కడే ఉంది.

బుకింగ్ కౌంటర్ ముందు నడుమెత్తు గోడ, దాని మీద ఇనుప కటకటాలు. ఒక మనిషి మాత్రమే పట్టే సందులో లైను. చివర్లో గోడకు పిడికిలి పట్టేంత కంత. డబ్బులు గుప్పిట్లో బిగించి ఆ కంతలో చెయ్యి పెట్టాలి. లోపలి మనిషి ముఖం కనిపించదు. వేళ్లు విప్పి డబ్బు తీసుకుని, అదే గుప్పిట్లో టికెట్లు కుక్కి పంపేవాడు. పలచటి రంగు కాగితం టికెట్లు. ముందు వరుసలకు ఒక రంగు, వెనక క్లాసుకు ఒక రంగు, బాల్కనీకి మరొకటి. చెమటకు ఆ రంగు అరచేతికి అంటుకునేది. కొత్త సినిమా అయితే ఆ సందులో నలిగి బయటపడేసరికి చొక్కా గుండీ ఊడడం, చెప్పు తెగడం మామూలే. ముందు వరుసల టికెట్లు మొదట అయిపోయేవి. అవి దొరకనివాళ్లు జేబులు తడుముకుని, తలా రెండు రూపాయలు పోగేసి వెనక క్లాసుకు వెళ్లేవాళ్లు. లేదా మర్నాడు వచ్చేవాళ్లు.

ఆ ముందు వరుసల ధర అంత తక్కువ కాబట్టే మేస్త్రీ దగ్గర ఇటుకలు మోసే కుర్రాడు కూడా వారానికోసారి సినిమా చూడగలిగాడు. వాడు తెరకు దగ్గరగా తలెత్తి చూశాడు, బాల్కనీలో డాక్టరు గారు తల వంచి చూశారు. హీరో వచ్చినప్పుడు మొదటి ఈల ముందు వరుసల్లోంచే వచ్చేది. ఏ పాట నిలబడుతుందో, ఏ కామెడీ పేలుతుందో తేల్చింది వాళ్లే. కాగితాలు చించి ఎగరేసింది వాళ్లే. మన సినిమా రంగం వందేళ్లుగా ఎవరి చప్పట్ల మీద ఎదిగిందని అడిగితే నేను ఆ వరుసల్నే చూపిస్తాను.

ఆడవాళ్లకు వేరే లైను ఉండేది. మ్యాట్నీ దాదాపు వాళ్ల ఆట. మగవాళ్లు పనికి, పిల్లలు బడికి పోయాక, వంటపాత్రలు కడిగి బోర్లించి, ఇరుగుపొరుగు నలుగురూ కలిసి బయల్దేరేవాళ్లు. చీరలు, బురఖాలు ఒకే లైన్లో నిలబడేవి. ఇళ్లలో పాచిపని చేసే ఆవిడ, ఆమె పనిచేసే ఇంటావిడ ఒకే ఆటకు రావడం మా బస్తీలో అరుదేమీ కాదు. తెర మీద తల్లి కష్టాలు చూసి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, బడి విడిచే వేళకు ఇంటికి చేరేవాళ్లు. భర్తను అడగకుండా, పుట్టింటికో గుడికో పోతున్నానన్న వంక లేకుండా, ఒక ఆడమనిషి తన కోసం తాను బయటికి వెళ్లగలిగిన చోటు ఆ రోజుల్లో ఇంకేముందో నాకు తెలియదు. కొంగున కట్టిన చిల్లరతో ఆ పని అయ్యేది.

ఇంటర్వెల్‌లో చిన్నచిన్న ఉల్లిపాయ సమోసాలు, గోలీసోడా, పల్లీల పొట్లాలు. గేటు బయట చాయ్ బండి, పక్కన సైకిల్ స్టాండు. హాలును నమ్ముకుని ఎంతమంది బతికారో లెక్క వేసుకోండి. బుకింగ్ క్లర్కులు, టికెట్లు చింపే గేటు మనుషులు, టార్చిలైటుతో సీటు చూపించేవాళ్లు, ఊడ్చేవాళ్లు, రాత్రిపూట మైదాపిండి జిగురు బకెట్టుతో పోస్టర్లు అంటించేవాళ్లు, ఆపరేటర్లు.

మా వీధిలో ఒక ఆపరేటర్ ఉండేవాడు. మేమంతా అన్నా అని పిలిచేవాళ్లం. ఒకసారి నన్ను పై గదిలోకి తీసుకెళ్లాడు. ఇరుకు గది, భరించలేని వేడి. ఎదురుగా రెండు పెద్ద ప్రొజెక్టర్లు, వాటి పొగ బయటికి పోవడానికి పైకప్పులోకి గొట్టాలు. లోపల రాగిపూత వేసిన రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా. వాటి మొనల మధ్య వెలిగే మంటే తెర మీద బొమ్మ. కడ్డీలు కాలిపోతూ ఉంటాయి కాబట్టి వాటి మధ్య దూరం పెరగకుండా ఆయన మర తిప్పుతూనే ఉండాలి. తిప్పడం మరిచిపోతే తెర మసకబారుతుంది, కింద జనం అరుస్తారు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఫిల్ము ఆయన చేతుల మీదుగా పోవాలి, రోజుకు నాలుగుసార్లు.

ఒక మెషీన్‌లో రీలు అయిపోవచ్చేసరికి రెండోది సిద్ధంగా ఉండాలి. తెర కుడివైపు పైమూలన ఒక చిన్న చుక్క మెరుస్తుంది. అది చూడగానే రెండో మెషీన్ మోటారు ఆన్ చేయాలి. ఏడెనిమిది సెకన్లకు రెండో చుక్క. ఆ క్షణాన మొదటి మెషీన్ను మూసి రెండోదాన్ని తెరవాలి. కింద కూర్చున్న వందల మందికి ఏమీ తెలియకూడదు. అన్ని సినిమాలు చూసినా ఆ చుక్కల్ని నేను అంతకుముందు ఎన్నడూ గమనించలేదు. ఆ తర్వాత గమనించని సినిమా లేదు. తెగిన ఫిల్మును బ్లేడుతో గీకి, సిమెంటు రాసి, వేళ్లతో నొక్కి అతికించడం, అయిపోయిన రీలును చేత్తో వెనక్కి చుట్టడం ఆయనకు నిద్రలోనైనా వచ్చే పనులు. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక కొద్ది ఏళ్లలోనే ఆ నైపుణ్యానికి పనిలేకుండా పోయింది. ఆయన ఇళ్లల్లో కరెంటు పనులకు మళ్లాడు. ఆయన చేతిపని ఎవరూ రాసిపెట్టలేదు, వీడియో తీయలేదు.

ఇలాంటి హాళ్లు ఎందుకు మూతపడ్డాయన్నది మీకు తెలియనిది కాదు. తప్పంతా ఏ ఒక్కరి మీదా వేయలేం.

ఒకప్పుడు సినిమా ముందు పెద్ద సెంటర్లలో విడుదలై, కొన్ని వారాల తర్వాత శివార్లకు వచ్చేది. ప్రింటు ఖరీదైనది కాబట్టి కొద్ది ప్రింట్లే తీసి తిప్పేవాళ్లు. ఆలస్యంగా వచ్చినా ఆ సినిమాకు మా దగ్గర కొత్త జీవం ఉండేది. డిజిటల్ వచ్చాక మొదటి రోజే వందల తెరల మీద వేయడం మొదలైంది. మొదటి వారాంతంలో వచ్చిందే రాబడి అయింది. శివారు హాలుకు రెండో విడత అన్నది లేకుండా పోయింది. పైగా హాళ్లకు సినిమాలను డిజిటల్‌గా అందించే సంస్థల చార్జీల గొడవ ఒకటి. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు ఆ చార్జీలు తగ్గించమని వాటికి సినిమాలు ఇవ్వడమే ఆపేశారు. ఆ తర్వాత ఓటీటీ. నాలుగు వారాలు ఓపిక పడితే ఫోన్‌లో వచ్చే బొమ్మకు హాలుకెందుకన్న లెక్క. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి మరీ హాలుకూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల గడువు గురించి మాట్లాడారు. అది గట్టిగా అమలు కాలేదు.

వెయ్యి మంది పట్టే హాల్లో నలభై మంది ఉన్నా ఏసీ వేయాలి, తెర వెలగాలి, జీతాలివ్వాలి. మల్టీప్లెక్సులో జనం తగ్గితే సినిమాను చిన్న స్క్రీన్‌కు మార్చుకుంటారు. సింగిల్ స్క్రీన్‌కు ఆ వీలు లేదు. ఇక రాబడి పంపకంలో మల్టీప్లెక్సులకు వసూళ్లలో వాటా, సింగిల్ స్క్రీన్లకు అద్దె. మాకూ వాటా పద్ధతే కావాలని 2025 వేసవిలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు పట్టుబట్టి, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామనే దాకా వెళ్లిన సంగతి మీకు తెలుసు. అంతకు ముందటేడు, 2024 మే 17 నుంచి, జనం రాక తెలంగాణ సింగిల్ స్క్రీన్లు వాటంతట అవే కొన్ని రోజులు ఆటలు ఆపుకున్నాయి. కరోనా కాలంలో హాళ్లు మూసున్నా కరెంటు కనీస చార్జీలు పడుతూనే ఉంటే, వాటిని మాఫీ చేస్తామని 2020 నవంబరులో అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చేసరికే గెలాక్సీ లాంటివి నిర్ణయం తీసేసుకున్నాయి. ఐటీ కారిడార్ పక్కన అంత విశాలమైన స్థలం పెట్టుకుని నష్టాలతో సినిమా ఆడించమని ఏ యజమానికి చెప్పగలం?

కాబట్టి హాలు మారిపోతుంది. అమీర్‌పేటలో సత్యం థియేటర్ ఉన్నచోట 2023 జూన్‌లో మల్టీప్లెక్సు తెరుచుకుంది. కోచింగ్ సెంటర్ల కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు సత్యంలో సినిమాలు చూసిన కాలం అందరికీ గుర్తే. అక్కడ సినిమా మిగిలింది, అది సంతోషమే. మల్టీప్లెక్సులో శబ్దం బాగుంటుంది, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, ఆడవాళ్లు తోపులాట లేకుండా లోపలికి వెళ్తారు. ఈ మంచిని నేను తక్కువ చేయను. కటకటాల సందులో చొక్కాలు చింపుకునే రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు.

నా బాధ అంతా ధర గురించే. 2021 డిసెంబరులో వచ్చిన జీవో 120 ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్టు 50 నుంచి 150 రూపాయలు, ఏసీ లేనిచోట 30 నుంచి 70 రూపాయలు, మల్టీప్లెక్సులో 100 నుంచి 250 రూపాయలు. జీఎస్టీ అదనం. వంద లోపు టికెట్టు మీద ఇప్పుడు 5 శాతం, ఆపైన 18 శాతం. నలుగురున్న ఇంటిని తీసుకోండి. ఏసీ సింగిల్ స్క్రీన్ కనిష్ఠ ధరకు వాళ్ల ఖర్చు 210 రూపాయలు. మల్టీప్లెక్సు గరిష్ఠ ధరకు 1,180 రూపాయలు. కొత్త సినిమాకు వారాంతంలో ఎక్కువచోట్ల నడిచేది ఈ గరిష్ఠ ధరే. ఆన్‌లైన్ బుకింగ్ రుసుము, లోపల తినేవి, పార్కింగ్ లెక్కలోకి తీసుకోలేదు. పెద్ద సినిమా వస్తే దీని మీద ఇంకా పెంచుకోవడానికి ప్రత్యేక అనుమతులు కూడా ఇస్తూ వచ్చారు. 210కి, 1,180కి మధ్య ఉన్న తేడాలో మా బస్తీ అంతా హాలు బయటే ఉండిపోయింది. మ్యాట్నీకి వచ్చిన ఆడవాళ్లు అందరికంటే ముందు బయటపడ్డారు, ఎందుకంటే ఇంటి ఖర్చులో మొదట కోత పడేది వాళ్ల సరదాకే.

మన రాష్ట్రంలో టికెట్ ధరల గురించి ఇన్నేళ్లుగా ఎన్నో చర్చలు జరిగాయి. ఎంతవరకు పెంచుకోవచ్చు, ఎన్ని రోజులు పెంచుకోవచ్చు, బెనిఫిట్ షోలు వేయాలా వద్దా అని. తక్కువ ధర సీట్లు ఎన్ని ఉండాలి, అవి ఎవరికి ఎలా అందాలి అన్నది పెద్దగా చర్చకు రాలేదు. జీవోలో కనిష్ఠ ధర అంకె ఉన్నా, ఆ ధరకు కనీసం ఇన్ని సీట్లు అమ్మి తీరాలన్న కట్టుబాటు లేకపోతే ఆ అంకె కాగితం మీదే ఉంటుంది.

దీనికి దారులు లేకపోలేదు. తమిళనాడులో 2017లో ధరలు సవరించేదాకా మల్టీప్లెక్సులు పదో వంతు సీట్లు పది రూపాయలకే అమ్మాయి. చెన్నైలో నిగనిగలాడే మల్టీప్లెక్సుల్లోనూ ముందు వరుసలో కాలేజీ కుర్రాళ్లు పది రూపాయలకు కూర్చుని సినిమా చూశారు. దాంతో ఆ మల్టీప్లెక్సులేమీ మూతపడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చిలో వచ్చిన జీవో 13 నాలుగో వంతు సీట్లను తక్కువ ధర ఉండే నాన్ ప్రీమియం కింద పెట్టమంది. కేరళలో రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ తిరువనంతపురం నడిబొడ్డున కైరళి, శ్రీ, నిళ థియేటర్లను స్వయంగా నడుపుతోంది. మనకూ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఉంది. చేయాలన్న సంకల్పం ఉంటే ఇతర రాష్ట్రాల అనుభవం చేతిలో ఉంది.

నేను అడిగేవి మూడు.

మొదటిది. ఏ సినిమా హాలు స్థలంలోనైనా కొత్త తెరలు కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, ప్రతి ఆటలో ఐదో వంతు సీట్లు ఏసీ సింగిల్ స్క్రీన్ కనిష్ఠ ధరకు అమ్మాలని లైసెన్సులోనే షరతు పెట్టండి. ధర పెంచుకోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చిన రోజుల్లో కూడా ఈ సీట్లను ముట్టుకోకూడదు. వీటిని హాలు దగ్గర కౌంటర్‌లో, నగదుకు, మనిషికి నాలుగు టికెట్లకు మించకుండా అమ్మాలి. ఫోన్‌లో బుక్ చేసుకోవడం రానివాళ్లకు, కార్డు లేనివాళ్లకు అప్పుడే అవి అందుతాయి. ఆట మొదలయ్యే అరగంట ముందుదాకా ఎవరూ కొనకపోతే యజమాని ఇష్టం వచ్చిన ధరకు అమ్ముకోవచ్చు. యజమానికి నష్టమనే మాట వస్తుంది. మామూలు రోజుల్లో ముందు వరుసలు ఎలాగూ ఖాళీగానే ఉంటున్నాయి. ఖాళీ సీటు నుంచి వచ్చేది సున్నా. యాభై రూపాయల టికెట్టు కొన్న మనిషి ఇంటర్వెల్‌లో చాయ్ కూడా తాగుతాడు, మర్నాడు పదిమందికి సినిమా గురించి చెబుతాడు.

రెండోది. మూతపడిన శివారు హాళ్లలో ఒక్కదాన్ని ప్రయోగంగా చలనచిత్ర అభివృద్ధి సంస్థ చేత అద్దెకు తీసుకుని నడిపించండి. పగలు మ్యాట్నీ తక్కువ ధరకు వేయండి. హాళ్లు దొరక్క వెనక్కి పోయే చిన్న సినిమాలకు ఒక ఆట ఇవ్వండి. బడిపిల్లలకు వారానికొక ఆట వేయండి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఏది కావాలంటే అది ఆడించండి. ఇంకా నిలబడి ఉన్న సింగిల్ స్క్రీన్లకు కరెంటు చార్జీల్లో వెసులుబాటు, వసూళ్లలో వాటా విషయంలో మధ్యవర్తిత్వం కూడా మీ చేతుల్లోని పనే. ఉన్నవి నిలబడితే పోయినవాటి కోసం ఇంత రాయాల్సిన పని ఉండదు.

మూడోది. ప్రతి హాలుకూ ప్రభుత్వ కార్యాలయాల్లో లైసెన్సు ఫైలు ఉంటుంది. కట్టడం ప్లాను, సీట్ల లెక్క, క్లాసుల వివరం, పునరుద్ధరణల చరిత్ర అందులో ఉంటాయి. హాలు కూలగొట్టడానికి అనుమతి ఇచ్చేముందు ఆ ఫైలుకు నకలు తీసి భద్రపరచండి. లోపలా బయటా ఫొటోలు తీయించండి. పాత ప్రొజెక్టర్లు తుక్కు కింద పోకుండా జిల్లాకొకటైనా ప్రదర్శనకు పెట్టండి. కార్బన్ కడ్డీలతో, రెండు మెషీన్ల మధ్య రీళ్లు మార్చిన ఆపరేటర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల వయసు పైబడుతోంది. వాళ్ల చేత చెప్పించి రికార్డు చేయించండి. విశ్వవిద్యాలయాల సినిమా విభాగాల విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే ఖర్చు కూడా పెద్దగా ఉండదు. హైదరాబాద్‌ను సినిమా నగరం అంటున్నాం. సినిమా తీసిన స్టూడియోల చరిత్రతోపాటు సినిమా చూసిన జనం చరిత్ర కూడా దాని దగ్గర ఉండాలి.

మంత్రి గారూ, సినిమా తీసేవాళ్లు మీ దగ్గరకు వస్తారు, పంచేవాళ్లు వస్తారు, ఆడించేవాళ్లు వస్తారు. వాళ్లకు సంఘాలున్నాయి, చాంబర్లున్నాయి. వాళ్ల సమస్యలు నిజమైనవే. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం సంఘం లేదు, మీ అపాయింట్‌మెంట్ అడిగే అలవాటు లేదు. ధర అందకపోతే వాళ్లు గొడవ చేయరు, రావడం మానేస్తారు. హాలు ఖాళీ అయ్యాక జనం రావడం లేదని మనమే బాధపడతాం.

టికెట్ ధరల మీద ప్రభుత్వం మళ్లీ ఏదో ఒకనాడు ఉత్తర్వు ఇవ్వక తప్పదు. ఆ ఉత్తర్వు తయారయ్యే బల్ల దగ్గరకు ఈసారి మేస్త్రీలను, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను, ఆటో డ్రైవర్లను కూడా పిలవండి. వారానికి ఎంత పెట్టి సినిమా చూడగలరో వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పిన అంకెను ఆ ఉత్తర్వులో రాసి, దానికి కట్టుబడే షరతును లైసెన్సులో పెట్టండి. ఈ ఒక్కటి చేస్తే మా బస్తీ తిరిగి సినిమాకు వస్తుంది. నా నమ్మకం అది.

ఇట్లు,
తమ విధేయుడు,
టోలీచౌకికి చెందిన ఒక ప్రేక్షకుడు